ఎనిమిది ఓముల బరాత్

కారులో పాట పెట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఇన్నేళ్ళూ నన్ను అడిగిన మొదటి మాట ఒక్కటే: ఎన్ని వాట్లు? ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లు, స్పీకర్ ఎన్ని వాట్లు, పక్కింటాయన బండిలో ఎన్ని వాట్లు. ఎన్ని ఓములు అని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకాయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సారు. ఆయన కూడా అడిగాడే గాని, జవాబు వినకుండా ఫోనులో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

పోయిన సంవత్సరం జగిత్యాలలోని దుకాణాన్ని మా బిడ్డ స్వప్న చేతికి అప్పగించి విశ్రాంతి తీసుకుంటున్నాను. విశ్రాంతి అంటే పొద్దున పదింటికి వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే కుర్చీలో కూర్చుని, అడగకపోయినా సలహాలు చెప్పడం. "నాయినా, నువ్వు రిటైరైనవు, యాదికున్నదా?" అని ఆమె రోజూ గుర్తు చేస్తుంది. మొన్న విసుగొచ్చి ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టి, చెప్పేదంతా ఇందులో రాయమంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు పనికొస్తుందట. నా నోరు మూయించడానికి వేసిన ఎత్తు అని తెలుసు. అయినా రాస్తున్నాను. నాకూ చెప్పాలని ఉంది.

సిరిసిల్ల నేర్పిన రెండు అలవాట్లు

నేను పుట్టింది సిరిసిల్లలో. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచాలు అంటారు. మా నాయిన ఒక ఆసామి షెడ్డులో ఆరు సాంచాలు నడిపేవాడు. నేను బడి అయిపోగానే ఆ షెడ్డుల్లో మోటార్లు బాగుచేసే పనిలో చేరాను. ఆ పని నాకు రెండు అలవాట్లు నేర్పింది. అవి వదిలించుకోవడానికి నాకు ఎంత అవమానం పట్టిందో ముందుముందు చెబుతాను.

మొదటి అలవాటు జోడించడం. షెడ్డులోకి కొత్త సాంచా వచ్చిందంటే, పక్కదానికి వచ్చే వైరు నుంచే ఇంకో వైరు లాగి తగిలించేవాళ్ళం. ఆరు ఉన్నా, పదహారు ఉన్నా ప్రతి మోటారుకూ దానికి కావలసిన కరెంటు వచ్చేది. బయట స్తంభం ఊ అనేది కాదు, ఆ అనేది కాదు. అంత మంచి స్తంభాన్ని చూసి చూసి, లోకంలో కరెంటు ఇచ్చే ప్రతిదీ అలాగే ఉంటుందని నమ్మాను.

రెండో అలవాటు ఫ్యూజు సంగతి. మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే పని ఆగుతుంది, ఆసామి అరుస్తాడు. అందుకని ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టేసేవాళ్ళం. ఇక అది పోయేది కాదు. అది పోవడానికే ఉందని, అది పోతేనే మిగతాది బతుకుతుందని మాలో ఎవరికీ తెలియదు. తెలిసిన పెద్దవాళ్ళు కూడా చెప్పలేదు. వాళ్ళను ఈ విషయంలో ఇప్పటికీ క్షమించను.

మరి ఆ పని వదిలి కార్లలో పాటల పనికి ఎందుకు వచ్చానంటారా? షెడ్డులో పాట వినపడదు. రేడియో పెట్టినా సాంచాల మోతలో దాని పెదవులు కదిలినట్టు ఉంటుందే తప్ప మాట రాదు. పొద్దంతా ఆ మోతలో ఉండి ఇంటికొస్తే చెవుల్లో ఇంకో షెడ్డు నడుస్తుండేది. నాకు పాట అంటే ఆకలి. ఇరవై నాలుగేళ్ళ వయసులో, పెళ్ళయిన మరుసటి సంవత్సరమే, మా ఆవిడ లక్ష్మి తిట్టుకుంటూనే మూట సర్దితే కోరుట్ల బస్సెక్కాను.

ఉస్తాద్ మీటరు

కోరుట్ల బస్టాండు దగ్గర ఖాదర్ ఉస్తాద్ దుకాణం ఉండేది. రేడియోలతో మొదలుపెట్టి, టేపురికార్డర్లు చూసి, చివరికి కార్ల స్పీకర్లకు వచ్చిన మనిషి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళు తెచ్చుకున్న సామానంతా ఆయన బల్ల మీదికే వచ్చేది. చేతి పనిలో ఆయనంతటి వాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. టీ చల్లారినా కోపమే, టీ వేడెక్కువైనా కోపమే.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. స్పీకర్లన్నీ బిగించాక, వైర్లు ఆంప్లిఫయర్‌కు తగిలించే ముందు, ఆ వైర్ల చివర్లలో మీటరు పెట్టి చూసేవాడు. స్పీకర్లన్నీ కలిసి ఎన్ని ఓములు అవుతున్నాయో అక్కడ తెలుస్తుంది. ఆ అంకెను ఒక చిన్న కాగితం ముక్క మీద రాసి ఆంప్లిఫయర్ వీపున అతికించేవాడు. అతికించిన తర్వాతే కరెంటు ఇచ్చేవాడు. ప్రతి బండికీ, ఎంత తొందరున్నా, బేరం చేస్తున్న మనిషి నెత్తి మీద నిలబడినా సరే. నాకు అది దిష్టి తీసినట్టు అనిపించేది. ఎందుకు ఉస్తాద్ అని అడిగితే, చెప్పింది చెయ్యి అనేవాడు. ఎందుకో చెప్పకుండా చేయమనడం ఆయన తప్పు. మీరు రేపు ఎవరికైనా పని నేర్పితే ఆ తప్పు చేయకండి.

చెప్పకుండా నేర్పిన వాటిలో మంచివి కూడా ఉన్నాయి. ఒకసారి ధర్మపురి నుంచి ఒక పంతులుగారు కారు తెచ్చారు. ఆయన స్తోత్రాలు పెట్టుకుంటే వెనక ఎవరో శ్రుతి పడుతున్నారట. యాక్సిలరేటర్ తొక్కితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మొదట్లో బాగానే ఉందనుకున్నారట, తర్వాత భయమేసిందట. నేను రెండు రోజులు స్పీకర్లు మార్చాను, వైర్లు మార్చాను. కూత పోలేదు. ఉస్తాద్ ఒక గరుకు కాగితం నా చేతికిచ్చి, ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు బిగించిన చోట కారు రంగు గీకమన్నాడు. గీకి, మెరిసే ఇనుము మీద బిగించాను. కూత మాయం. నేను రంగు మీదనే బోల్టు బిగించాను, రంగులోంచి కరెంటు పోదు. పంతులుగారు సంతోషంగా నన్ను ఆశీర్వదించి, ఆ శ్రుతి కొంచెం తక్కువగా ఉంచలేరా అని కూడా అడిగారు.

దుప్పటిలో వచ్చిన పెట్టె

ఇక అసలు సంగతికి వస్తాను. గంగారాంది కథలాపూర్. దుబాయిలో ఒకరి ఇంట్లో పద్నాలుగేళ్ళుగా డ్రైవరు. బిడ్డ లత పెళ్ళికి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. ఒక రోజు పదింటికి పాత తెల్ల జీపు ఒకటి మా దుకాణం ముందు ఆగింది. దిగిన మనిషి వెనక తలుపు తీసి, పూల దుప్పటిలో చుట్టిన మూటను పసిపిల్లను ఎత్తుకున్నట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే నల్లగా మెరిసే ఆంప్లిఫయర్. సామానులో వేస్తే దెబ్బ తగులుతుందని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. దాని వెంట ఒక పెద్ద బేస్ స్పీకర్, తలుపులకు పెట్టే నాలుగు చిన్న స్పీకర్లు.

ఆయనతో పాటు బామ్మర్ది రాజమల్లు కూడా దిగాడు. మంచివాడే, కాని నోరు ఊరుకోదు. బావ దుబాయి నుంచి తెచ్చిన టార్చిలైటు మూడు నెలలకే పోయిందని, గడియారం ఒక పూట ముందు నడుస్తుందని దారి పొడుగునా చెబుతూ వచ్చాడట, మా ముందు మళ్ళీ చెప్పాడు. ఇది కూడా ఆ లెక్కనేనేమో అన్నాడు. గంగన్న నవ్వి ఊరుకున్నాడు గాని, ఆ నవ్వు పెదవుల దాకానే వచ్చింది.

మూడో రోజు పెళ్ళి. పగలే ముహూర్తం, సాయంత్రం ఊరేగింపుగా బరాత్. పెళ్ళికొడుకు వాళ్ళు డీజే పెడతామంటే గంగన్న వద్దన్నాడు. పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తానే నడుపుతాడట. పెళ్ళికూతురి తండ్రి డ్రైవరుగా కూర్చోవడం ఏం మర్యాద అని ఇంట్లో అందరూ అన్నారట. ఆయన వినలేదు. ఎందుకో నాకు చెప్పాడు.

"పద్నాలుగేండ్లు బండి నడిపిన తమ్మీ. ఒక్క దినం గుడ నా పాట వెట్టుకోలే. వాళ్ళు మంచోళ్ళే, కాని గా వాల్యూం మీద నేను చెయ్యెయ్యద్దు. నా బిడ్డ బరాత్‌ల నా బండి, నా పాట, నా చెయ్యి. గంతే."

ఆ మాటకు నాకు మా షెడ్డులో వినపడని రేడియో గుర్తొచ్చింది. ఈ మనిషికి పాట పెట్టించాల్సింది నేనే అనుకున్నాను. ఆ రోజు ఉస్తాద్ సామాను కోసం జగిత్యాల వెళ్ళాడు. రేపు రమ్మని చెప్పవచ్చు. చెప్పలేదు.

పదిహేను నిమిషాల రాజ్యం

ఓము అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళందరూ దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ఓము అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డం. అడ్డం ఎక్కువుంటే కరెంటు తక్కువ పోతుంది, ఆంప్లిఫయర్‌కు పని తేలిక. అడ్డం తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, పని బరువు. అంటే అంకె చిన్నదయ్యే కొద్దీ బరువు పెరుగుతుంది. నాలుగు ఓముల స్పీకర్లు రెండింటిని పక్కపక్కన జోడిస్తే ఎనిమిది కావు, రెండవుతాయి. ఒకదాని తోక ఇంకోదాని తలకు కట్టి వరుసగా పెడితేనే ఎనిమిది. పెళ్ళిపందిట్లో వేలాడే చిన్న బల్బుల దండ చూడండి, అది వరుస. ఇంట్లో గదిగదికీ ఉన్న బల్బులు పక్కపక్కన.

గంగన్న తెచ్చిన బేస్ స్పీకర్ లోపల రెండు కాయిళ్ళున్నాయి, ఒక్కొక్కటి నాలుగు ఓములు. ఆంప్లిఫయర్ మీద తెల్ల అక్షరాలతో రెండు లైన్లు రాసి ఉన్నాయి. మొదటి లైనులో వాట్లు. రెండో లైనులో, బేస్ స్పీకర్ తగిలించే చోట నాలుగు ఓములకు తక్కువ పెట్టొద్దని. నేను మొదటి లైను చదివి ఆనందపడ్డాను. రాజమల్లు ఊరు అదరాలన్నాడు. నా చెయ్యి సిరిసిల్ల చెయ్యి. రెండు కాయిళ్ళనూ సాంచా మోటార్ల లాగా పక్కపక్కన జోడించేసింది. నాలుగుకు తక్కువ వద్దని మొత్తుకునే పెట్టెకు రెండు ఇచ్చాను. మీటరు గోడకు వేలాడుతూనే ఉంది, దాని వైపు కూడా చూడలేదు.

పాట పెట్టాం. ఏం చెప్పను? నా బతుకులో అంత సంతోషంగా తప్పు చేసింది లేదు. పక్కన టీ కొట్టులో సాసర్లు వాటంతట అవే కదిలాయి. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు. గంగన్న డ్రైవరు సీట్లో కూర్చుని వాల్యూం నాబ్‌ను పట్టుకుని కొంచెం పెంచేవాడు, కొంచెం తగ్గించేవాడు, మళ్ళీ పెంచేవాడు. పాట కోసం కాదు, పెంచడం కోసం పెంచుతున్నాడు. రాజమల్లు మొదటిసారి నోరు మూశాడు. పదిహేను నిమిషాలు నేను కోరుట్లకు రాజును.

తర్వాత ఎర్ర లైటు వెలిగి పాట ఆగింది. ముట్టుకుంటే పెట్టె పెనంలా ఉంది. పాపం, అది తనను తాను కాపాడుకుంటోంది. కాసేపు చల్లారాక మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది. ఈసారి ఫ్యూజు కూడా పోయింది. కొత్తది వేశాను, అదీ పోయింది. రాజమల్లు దగ్గాడు. ఆ దగ్గు విని నా రెండో అలవాటు నిద్ర లేచింది. ఫ్యూజు తీసి లావు తీగ చుట్టాను. ఇప్పుడు ఆ వైపు చూడనైనా చూడను, మీరు కలలో కూడా ఆ పని చేయకండి, బండే తగలబడిపోతుంది. అయిదు నిమిషాలు పాడి పెట్టె పొగ వదిలింది. కాలిన వార్నిష్ వాసన, కొంచెం చేదుగా, కొంచెం తియ్యగా ఉంటుంది. బ్యాటరీ వైరు పీకేసి నిలబడ్డాను.

ముగ్గురం ఆ పొగనే చూస్తున్నాం. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటే ఈ పుస్తకం రాయడానికి కారణం. మా వృత్తిలో అందరి నాలుక మీదా ఒక మాట సిద్ధంగా ఉండేది. ఏది కాలినా గల్ఫ్ నుంచి వచ్చిన సామాను మీదికి తోసేవాళ్ళం. నేనూ అదే అన్నాను, డూప్లికేట్ మాల్ వచ్చిందన్నా అని. గంగన్న వెంటనే నమ్మాడు. అదే నాకు దెబ్బలా తగిలింది. ఒక్క ప్రశ్న అడిగినా, ఒక్క తిట్టు తిట్టినా నాకు తేలికయ్యేది. రాజమల్లు మాత్రం తొడ చరిచి నవ్వాడు, టార్చిలైటుకు తోడు దొరికిందన్నాడు.

గంగన్న ఆంప్లిఫయర్‌ను మళ్ళీ దుప్పటిలో చుట్టసాగాడు. ఇంకా వేడిగా ఉంది, చేతులు కాలుతున్నా చుట్టాడు. తల ఎత్తకుండా అన్నాడు, "గిన్నేండ్లల నా కోసమని నేను కొన్నది గిదొక్కటే తమ్మీ. గిది గుడ సూసి కొనరాలే నాకు."

ఆరు సాంచాలు

మరునాడు పొద్దున ఉస్తాద్ వచ్చి దుకాణం తలుపు తీయగానే ముక్కు ఎగబీల్చాడు. జీపు మా దగ్గరే ఉంది. ముందు ఫ్యూజు దగ్గరికి వెళ్ళి, నేను చుట్టిన తీగను చుట్టు చుట్టుగా విప్పి జేబులో వేసుకున్నాడు. తర్వాత బేస్ స్పీకర్ వైర్లకు మీటరు పెట్టి అంకె చూశాడు. తిడతాడని వీపు బిగపట్టుకుని నిలబడ్డాను. ఆయన రెండు టీలు తెప్పించి నన్ను కూర్చోమన్నాడు. అది ఇంకా భయం.

"మీ నాయిన ఎన్ని సాంచలు నడుపుతడు?"

"ఆరు ఉస్తాద్."

"పన్నెండు ఇస్తే?"

"పోగులు తెగుతయ్. ఒకదాని కాడికి పోతే ఇంకోటి ఆగుతది. మనిషి పడిపోతడు."

"మరి ఆసామి పన్నెండు ఇస్తే వద్దంటడా మీ నాయిన?"

అనడని చెప్పాను. మా నాయిన ఎవరికీ వద్దని చెప్పడం నేను చూడలేదు.

"గదే బేటా. నువ్వు దీన్ని కరెంటు స్తంభం అనుకున్నవు. ఇది స్తంభం కాదు, సాంచలు నడిపే మనిషి. ఎంత బరువు వెట్టినా నడుపుతది, పానం పోయేదాక నడుపుతది. అందుకే ఎంత వెట్టాల్నో మనం ముందుగాల సూడాలె."

అన్నేళ్ళలో ఆయన నాకు కారణం చెప్పడం అదే మొదటిసారి. కాగితం ముక్క మీద అంకె ఎందుకు రాస్తాడో ఆ పొద్దున అర్థమైంది. నేను పెట్టె మీద వాట్లు చూశాను. ఆయన ఆ పెట్టెను మనిషిలా చూశాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి, టీ పొగ అని బుకాయించాను.

గంగన్నకు ఏం చెప్పానని అడిగాడు. చెప్పాను. అప్పుడు మాత్రం ఆయన ముఖం మారింది. నువ్వు చెబుతావా, నేను చెప్పాలా అన్నాడు. బరాత్ అయ్యేదాకా గడువు ఇమ్మని బతిమాలాను. ఇప్పుడే చెబితే జీపు తీసుకుని వెళ్ళిపోతాడని, పాట లేకుండా పోతుందని సాకు చెప్పాను. సగం నిజమే. ఇంకో సగం, నన్ను ఇక్కడి నుంచి వెళ్ళగొడతారని భయం. బరాత్ అయిపోయేదాకా కాదు, అయిపోయే లోపల చెప్పాలన్నాడు ఉస్తాద్.

ఆ రోజంతా పనిచేశాం. దుకాణంలో పరీక్షలకు వాడే ఉస్తాద్ సొంత ఆంప్లిఫయర్ ఉంది. గంగన్నదానిలో సగం కూడా లేదు, రంగు వెలిసి ఉంది. దాన్ని సీటు కింద బిగించాం. తలుపుల స్పీకర్లను ఎడమవి రెండు ఒక వరుసగా, కుడివి రెండు ఒక వరుసగా కట్టాను. బేస్ స్పీకర్ కాయిళ్ళు రెండింటినీ వరుసగా కట్టాను. తలుపులవీ నాలుగేసి ఓములవే, కాబట్టి ప్రతి వరుసా ఎనిమిది ఓములు. చివర్లలో మీటరు పెడితే ఏడుకు కొంచెం అటూ ఇటూ చూపించింది. స్పీకర్ మీద రాసినదానికంటే మీటరు కొంచెం తక్కువే చూపిస్తుంది, మీరు కంగారు పడకండి. ఉస్తాద్ కాగితం నా చేతికిచ్చాడు. ఎనిమిది అని నేనే రాసి, నేనే అతికించాను. ఫ్యూజు దాని కొలతదే వేశాను.

సాయంత్రం గంగన్న వచ్చి ఆ చిన్న పెట్టెను చూశాడు. ఊరు అదురుతుందా అని అడిగాడు. ఊరు అదరదు, పాట వినపడుతుంది అన్నాడు ఉస్తాద్. బరాత్ మధ్యలో ఏమైనా అయితే చూసుకోవడానికి నన్ను బండిలోనే ఉండమన్నారు. ఎవరి మాట కాదనాలో తెలియక సరే అన్నాను.

బరాత్

మరునాడు సాయంత్రం, కథలాపూర్‌లో ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. బస్సు ఆగే చోటు నుంచి గంగన్న వాళ్ళ వాడ దాకా బరాత్. వెనక సీట్లో లత, పెళ్ళికొడుకు. ముందు గంగన్న, పక్కన నేను. ఆయన కొత్త చొక్కా వేసుకుని, మెడలో తువ్వాలతో, పెళ్ళికూతురి తండ్రిలా కాకుండా పెళ్ళికొడుకు తమ్ముడిలా ఉన్నాడు. ఎడమ చెయ్యి స్టీరింగు మీద కంటే వాల్యూం మీదే ఎక్కువసేపు ఉంది.

నేను రెండు నిమిషాలకోసారి వంగి సీటు కింద అరచేయి పెట్టి చూస్తున్నాను. పెట్టె గోరువెచ్చగా ఉంది, అంతే. పాట ఊరిని అదరగొట్టలేదు. కాని మాట మాటా తేటగా వినపడింది. డీజే పెట్టిన బరాత్‌లు మీరు చూసే ఉంటారు, పక్కనున్న మనిషి నోరు కదలడమే కనపడుతుంది. ఇక్కడ ఆడవాళ్ళు పాటతో పాటు పాడారు, వాళ్ళ పాటా వినపడింది. ఒక ముసలమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, నాకు గుడ సమజైతున్నది కొడుకా అని పోయింది. ఆ ముసలమ్మ మాట నాకు ఏ సర్టిఫికెట్టుకూ తక్కువ కాదు.

గంగన్న కనపడినవాళ్ళకల్లా నన్ను చూపించి, ఈ తమ్ముడు లేకపోతే నా పరువు పోయేదని చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ నేను సీట్లో కొంచెం కొంచెం కిందికి జారుతున్నాను. వాడ మలుపు కనపడుతోంది. ఉస్తాద్ ఇచ్చిన గడువు ఆ మలుపు దాకానే.

రాజమల్లు బండి ముందర తువ్వాల తిప్పుతూ ఆడుతున్నాడు. ఆడుతూ ఆడుతూ కిటికీ దగ్గరికి వచ్చి తల లోపల పెట్టాడు. "బావా, నీ దుబాయి డబ్బ కంటె కోరుట్ల డబ్బనే నయమున్నది" అని, అటు మందికి వినపడేలా టార్చిలైటు కథ కూడా మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు, అతను మళ్ళీ ఆడుతూ బండి ముందుకు పోయాడు. వెనక పెళ్ళికొడుకు కూడా మర్యాదకు నవ్వాడు. గంగన్న చెయ్యి వాల్యూం మీద నుంచి జారి ఒళ్ళో పడింది. అల్లుడి ముందు ఆయన ముఖం చూసి నాకిక ఆగలేదు.

"అన్నా, నీ డబ్బ డూప్లికేట్ కాదు. నేనే కాలవెట్టిన."

ఆయన నా వైపు తిరిగాడు. చెయ్యి వెళ్ళి వాల్యూం తగ్గించింది. "ఏందీ? మల్ల చెప్పు."

"వైర్లు తప్పు కలిపిన. ఫ్యూజు జాగల తీగ సుట్టిన. నీ మాల్ అసల్‌దే. అద్దం లెక్కుండె. నేను అబద్ధం చెప్పిన."

బండి ఆగింది. నేను వెనక్కి చూడలేదు గాని, లత గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. దిగు అన్నాడు గంగన్న. దిగాను. కోరుట్లలో నా బతుకు అయిపోయింది, సిరిసిల్ల బస్సు ఎన్నింటికి ఉందో అనుకుంటూ రోడ్డు మీద నిలబడ్డాను.

"పో. గా రాజమల్లు కాడికి పోయి గదే మాట చెప్పు. గట్టిగ చెప్పాలె, నేను సూత్త."

పాట పూర్తిగా ఆపేశాడు. ఆడేవాళ్ళందరూ ఏమైందోనని ఇటు తిరిగారు. నేను రాజమల్లు ముందు నిలబడి, రెండు కాయిళ్ళనూ పక్కపక్కన జోడించానని, ఫ్యూజు బదులు తీగ చుట్టానని, గంగన్న తెచ్చింది అసలు సరుకని, తప్పంతా నాదని చెప్పాను. రాజమల్లు తువ్వాల గాలిలోనే ఆగిపోయింది. ఎవరో నవ్వారు. తర్వాత ఎవరో రాజమల్లు వీపు చరిచారు. తర్వాత అందరూ నవ్వారు, రాజమల్లు కూడా. ఆఖరికి అతనే నా మెడలో తన తువ్వాల వేశాడు.

గంగన్న సీట్లో కూర్చునే కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. దుప్పటిలోంచి ఆంప్లిఫయర్ విప్పిన రోజు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు. కోపం ఉందా అని వెతికాను. ఉంటే ఉండవచ్చు, దానికి చోటు మిగల్లేదు. ఆయన చెయ్యి మళ్ళీ వాల్యూం మీదికి వెళ్ళింది, కాని తిప్పలేదు.

"మల్లొక్కపారి చెప్పు తమ్మీ. ఎనుకున్నోళ్ళకు ఇనవడలే."

నేను మూడుసార్లు చెప్పాను. మూడోసారికి వెనక సీట్లోంచి లత కూడా గట్టిగా నవ్వింది. అప్పుడు ఆయన తన చేత్తో, నిదానంగా, పాట పెంచాడు.